పేరు లేని నమూనాలు: 1866 నాటి పుస్తకాల నుంచి ఫోన్‌లోని మ్యూజియం దాకా

మూడేళ్ల కింద, రాఖీ పున్నమి రోజున, మా షోలాపూర్ ఇంట్లో జరిగిన ముచ్చటతో మొదలుపెడతాను. పొద్దున కొత్త జంధ్యాలు వేసుకున్నాం, మార్కండేయుల వారి రథం చూసి వచ్చాం, భోజనాలయ్యాయి. మా పిల్లవాడు ఫోన్‌లో ఒక విదేశీ మ్యూజియం తెరిచి నాయనమ్మ ముందు పెట్టాడు. వేలితో జరుపుతుంటే గది గది తిరిగినట్టే ఉంది. ఒక గాజు బీరువాలో మన తెలుగు తీరపు పాత గుడ్డ ఒకటి కనబడింది. నాయనమ్మ కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది.

"వెనకకు తిప్పు బిడ్డా" అంది.

"తిప్పరాదు నాయనమ్మా, ఫొటో గద" అన్నాడు వాడు.

"వెనక చూడకుంట నేత ఎట్ల తెలుస్తది? సరే, నేసినోడు ఎవరంట?"

వాడు కింద రాసినదంతా చదివాడు. కాలం ఉంది, తీరం పేరు ఉంది, కొలతలు ఉన్నాయి, ఏ దొర ఇచ్చాడో కూడా ఉంది. నేసినవాడి పేరు లేదు. నాయనమ్మ ఫోన్ పక్కన పెట్టి, "గంతే, ఎప్పుడైనా గంతే" అని లేచిపోయింది.

ఆ మాట నన్ను వదల్లేదు. నిజంగా ఎప్పుడూ అంతేనా? ఈ వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమన్నప్పుడు ఆ ప్రశ్ననే పట్టుకుని వెనక్కి వెళ్లాను. వెళ్తే తెలిసిందేమిటంటే, గుడ్డల మ్యూజియాన్ని కదిలించి మనిషి ఉన్న చోటికే పంపాలనే ఆలోచన ఫోన్లతో పుట్టలేదు. అది నూటయాభై ఏళ్లకు పైబడిన ఆలోచన. దానికి సరుకు మన మగ్గాల మీద నుంచే పోయింది.

పద్దెనిమిది సంపుటాలు, ఏడువందల ముక్కలు

ఈస్టిండియా కంపెనీ 1801లో లండన్‌లోని తన కార్యాలయంలో ఒక మ్యూజియం పెట్టింది. ఇండియా నుంచి వచ్చిన రాతప్రతులు, ఆయుధాలు, విత్తనాలు, గుడ్డలు అన్నీ అందులో చేరేవి. 1857 తిరుగుబాటు తర్వాత పాలన కంపెనీ చేతి నుంచి రాణి చేతికి పోయింది, మ్యూజియం కూడా ఇండియా ఆఫీసు కిందికి వచ్చింది. దాన్ని చూసుకునే బాధ్యత జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయనకు అప్పగించారు. ఆయన చదువుకు వైద్యుడు. ఉద్యోగం మాత్రం ఇండియాలో ఏమేం పండుతాయి, ఏమేం తయారవుతాయి అని లెక్క తీసి చెప్పడం.

మ్యూజియం గిడ్డంగిలో గుడ్డలు బోలెడు ఉన్నాయి. వాటిని చూడాలంటే మాంచెస్టర్ మిల్లు యజమాని లండన్ రావాలి. అలా కాకుండా మ్యూజియాన్నే మాంచెస్టర్‌కు పంపితే? వాట్సన్ అదే చేశాడు. పంచెలు, చీరలు, తలపాగాలు, లుంగీలు, మస్లిన్లు, అద్దకాలు కత్తిరించి ముక్కలు చేయించాడు. ఒక్కో ముక్కను ఒక్కో అట్ట మీద అంటించి, 700 నమూనాలతో 18 సంపుటాలు కట్టించాడు. 1866లో ఇలాంటివి 20 సెట్లు తయారయ్యాయి. లెక్క వేయండి: 700 నమూనాలు, 20 సెట్లు అంటే 14,000 ముక్కలు. అందులో 13 సెట్లు బ్రిటన్‌లో ఉండిపోయాయి. మాంచెస్టర్, గ్లాస్గో, బ్రాడ్‌ఫర్డ్, ప్రెస్టన్ లాంటి నేత మిల్లుల ఊళ్లకు అవి వెళ్లాయి. 7 సెట్లు ఇండియాకు వచ్చాయి, అందులో ఒకటి మద్రాసుకు. ఒక్కో సెట్టూ ఒక్కో పారిశ్రామిక మ్యూజియం అన్నదే వాట్సన్ ఉద్దేశం.

ఆ కాలానికి అది గొప్ప పనితనమే, ఒప్పుకోవాలి. ఒక్కో ముక్క పక్కన గుడ్డ పొడవు, వెడల్పు, తూకం, ఎక్కడిది అన్న వివరాలు రాశారు. మన ఆడవాళ్లు చీర ఎట్లా కడతారు, మగవాళ్లు పంచె ఎట్లా కడతారు, తలపాగా ఎట్లా చుడతారు అన్నది విడిగా ఇంకో పుస్తకంలో బొమ్మలతో సహా వివరించారు. ఎందుకింత శ్రద్ధ? ఎవరికి ఏ అంచు ఇష్టమో, ఎంత పొడవు కావాలో తెలిస్తే మిల్లువాళ్లు అచ్చంగా అలాంటిదే చేసి మన బజారులోనే అమ్ముకోవచ్చు. ఈ ఉద్దేశాన్ని వాళ్లు దాచుకోలేదు, బాహాటంగానే చెప్పారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఆ పుస్తకాలే మన మగ్గాలను పడగొట్టాయి అంటే అది సరైన చరిత్ర కాదు. లాంకషైర్ నూలు, గుడ్డ అంతకు కొన్ని దశాబ్దాల ముందే మన సంతల్లోకి దిగిపోయాయి. నర్సాపురం పక్కన మాధవాయపాలెం ఉంది. ఇంగ్లీషువాళ్లు అక్కడ ఫ్యాక్టరీ పెట్టి మెత్తని తెల్ల గుడ్డ కొన్నారు, ఊరి పేరునే 'మదపోలం' చేసి ఆ గుడ్డకు పెట్టారు. తర్వాత అదే పేరుతో లాంకషైర్ మిల్లులే గుడ్డ నేశాయి. ఊరి పేరు దేశాలు తిరిగింది, ఊళ్లో మగ్గాలు ఆగిపోయాయి. వాట్సన్ పుస్తకాలు ఆ వరుసలో వచ్చినవే. పుట్టించింది అవి కాకపోయినా దారి చూపించింది మాత్రం అవే.

ఆ 18 సంపుటాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ నమూనాలు ఉన్నాయి, అంటే మన పూర్వీకుల చేతిపని ఉంది. అంగుళాలు ఉన్నాయి, తూకాలు ఉన్నాయి. నేసినవాడి పేరు రాసే గడి మాత్రం ఆ అట్టల మీద లేనేలేదు. నాయనమ్మ అన్న "ఎప్పుడైనా గంతే" అక్షరాలా నిజమే.

అట్ట మీద నుంచి అద్దం మీదికి

లండన్ మ్యూజియం 1879లో చెదిరిపోయింది. అందులోని వస్తువుల్లో పెద్ద భాగం సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి చేరింది. ఇప్పుడు దాని పేరు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. మన దగ్గర అహ్మదాబాద్‌లో 1949లో సారాభాయి కుటుంబం వాళ్లు క్యాలికో మ్యూజియం పెట్టారు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. ఇవన్నీ మనం పోయి చూడాల్సినవి. రోజు కూలి వదులుకుని, రైలు చార్జీ పెట్టుకుని మగ్గం కార్మికుడు మ్యూజియానికి ఎన్నిసార్లు పోగలడు?

2011 ఫిబ్రవరిలో గూగుల్ ఆర్ట్ ప్రాజెక్ట్ మొదలైంది. మొదట 17 మ్యూజియాలు. వీధుల్లో తిరిగి ఫొటోలు తీసే కెమెరాలనే గదుల్లోకి తెచ్చి, చుట్టూ 360 డిగ్రీలు కనబడేట్టు తీశారు. 2012లో అది పెరిగినప్పుడు ఢిల్లీ జాతీయ మ్యూజియం కూడా చేరింది. మన ప్రభుత్వం తరఫున సీ-డాక్ సంస్థ 'జతన్' అనే సాఫ్ట్‌వేర్ తయారు చేసింది. దాని సాయంతో సాలార్‌జంగ్ లాంటి మ్యూజియాల వస్తువులు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయి. 2017లో గూగుల్ వాళ్లు దుస్తుల చరిత్రకే ప్రత్యేకంగా ఒక పెద్ద ప్రదర్శన పెట్టారు. 2020లో కరోనా వచ్చి తలుపులు మూసేసినప్పుడు లోకంలో చాలా మ్యూజియాలకు ఈ దారి ఒక్కటే మిగిలింది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. వాట్సన్ సంపుటాల్లో ప్రెస్టన్‌కు చేరిన సెట్టు అక్కడి హారిస్ మ్యూజియంలో ఉంది. దాన్ని కూడా ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. మిల్లు దొరల కోసం కత్తిరించిన ముక్కలను ఇప్పుడు షోలాపూర్ నేతవాడి మనవడు ఉచితంగా చూడొచ్చు. చక్రం తిరిగి మన ఇంటి ముందుకే వచ్చింది. మరి మనం చూసి ఊరుకుందామా, మన వంతు మనం కట్టుకుందామా?

చూసేవాడు ఎందుకు విసుగుపడతాడు

నేను చాలా వర్చువల్ టూర్లు చూశాను. నిజం చెప్పాలంటే, సగం టూర్లు రెండు నిమిషాల్లోనే మూసేశాను. ఖాళీ గదులు, గాజు బీరువాలు, బాణం గుర్తు నొక్కితే ఇంకో ఖాళీ గది. మనిషి కనబడడు, మాట వినబడదు. ఇల్లు కట్టి మనుషుల్ని మరిచిపోయినట్టు ఉంటుంది.

విసుగు రాకుండా కట్టినవి కూడా ఉన్నాయి. గది మొత్తం చూపించాలని వాటికి ఆశ లేదు. ఒక వస్తువు తీసుకుంటాయి, ఒక ప్రశ్న వేస్తాయి. ఈ ఎరుపు ఎట్లా వచ్చింది? ఈ అంచు, ఒళ్లు వేరు వేరు రంగులైతే రెండూ ఎక్కడ కలిశాయి? అక్కడికి దగ్గరగా తీసుకుపోయి, దారాలు లెక్కపెట్టుకునేంత పెద్దగా చూపిస్తాయి. జవాబు చెప్పేది ఒక మనిషి గొంతు.

వాట్సన్ పుస్తకానికి ఫోన్ కంటే ఒక లాభం ఉండేది. గుడ్డను ముట్టుకోవచ్చు, వెనక్కి తిప్పొచ్చు. ఫోన్‌లో స్పర్శ లేదు. కాబట్టి చేతికి దొరకనిది చెవికి, కంటికి దొరకాలి. నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, పడుగుకు గంజి పట్టించేటప్పుడు వీధి పొడుగునా పట్టిన నూలు, ఆసు పోసేటప్పుడు చెయ్యి పైకీ కిందికీ ఎన్నిసార్లు పోతుందో చూపే కదలిక. ఆసు పోసే అమ్మ భుజం నొప్పిని చూసి చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారని, 2017లో పద్మశ్రీ అందుకున్నారని మనందరికీ తెలుసు. కానీ ఆ చెయ్యి ఎట్లా కదిలేదో మన పిల్లలెంతమంది చూశారు? గాజు బీరువాలోని చీర ఆ సంగతి చెప్పదు. ఒక నిమిషం వీడియో చెబుతుంది.

మన ఊళ్లే మన గదులు

మనది ఒక్క ఊరి కథ కాదు. సమాఖ్య అంతటా కలిసి చూస్తే ఒక్కో ప్రాంతం ఒక్కో గది అవుతుంది.

షోలాపూర్ గదిలో నల్గొండ, మహబూబ్‌నగర్, కరీంనగర్ వైపు నుంచి మనవాళ్లు నడిచి వచ్చిన దారి ఉండాలి. జూనీ మిల్లు, చాదర్, టవల్ ఉండాలి. 1930లో ఈ ఊళ్లో మార్షల్ లా పెట్టిన రోజులు ఉండాలి. చాదర్ నేసింది ఎక్కువగా పవర్‌లూమ్ మీదే అని కూడా నిజాయితీగా చెప్పాలి. మగ్గం కూలి చాలక మన ఆడవాళ్లు చేటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లల్ని చదివించారు. ఆ చేట లేకుండా షోలాపూర్ నేత చరిత్ర పూర్తి కాదు.

తమిళనాడు గదిలో కంచి పట్టు. అంచుకు వేరే నాడె, ఒంటికి వేరే నాడె, ప్రతి పేకకూ రెండింటినీ లంకె వేస్తూ పోవడం. మగ్గం పక్కన కూర్చుని అంచు నాడె అందించే రెండో మనిషి కథ ఎవరూ చెప్పలేదు. సేలం, కోయంబత్తూరు వైపు దేవాంగ కుటుంబాలు ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా ఈ గదిలో వినబడాలి.

ఒడిశా గదిలో బరంపురం పట్టు, దాని కుంభం అంచు. కర్ణాటక గదిలో, మన అనంతపురం జిల్లా సరిహద్దుకు ఆనుకునే ఉన్న మొలకాల్మూరు పట్టు. ఆ గీత అటు ఒక రాష్ట్రం, ఇటు ఒక రాష్ట్రం. మగ్గానికి, చుట్టరికానికి మాత్రం గీత లేదు.

యానాం గది చిన్నదే, కానీ దాని కిటికీలోంచి సముద్రం కనబడుతుంది. ఫ్రెంచివాళ్లు యానాంలో కొఠీ పెట్టింది ముఖ్యంగా గుడ్డ కోసమే. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు కూడా గుడ్డే కొనేవాళ్లు. ఫ్రెంచి వర్తకంలో నీలి రంగు 'గినీ' గుడ్డలు పుదుచ్చేరి మీదుగా ఆఫ్రికా పడమటి తీరం దాకా పోయి, సెనెగల్ ప్రాంతంలో జిగురు కొనడానికి డబ్బులాగా చెల్లాయి. మన చీరాల, వేటపాలెం వైపు నేసిన చేతి రుమాళ్లు నైజీరియాలో కలబరి జాతివాళ్ల పండగ బట్టలయ్యాయి. మనం చూడని దేశాలను మన గుడ్డ చూసింది.

కొన్ని నియమాలు మనకు మనమే పెట్టుకుందాం

మొదటిది పేరు. ప్రతి గుడ్డ కింద నేసినవాళ్ల పేరు, ఊరు, వాళ్ల అనుమతితో ఉండాలి. కండెలు చుట్టినవాళ్లు, ఆసు పోసినవాళ్లు, అచ్చు అతికినవాళ్లు కూడా నేసినవాళ్లే. పాత చీరకు పేరు తెలియకపోతే ఆ ఇంటివాళ్ల పేరుతో, వాళ్లు చెప్పే జ్ఞాపకంతో పెడదాం. 1866లో లేని గడిని మనం గీయాలి.

రెండోది వెనక వైపు. ప్రతి గుడ్డకూ రెండు ఫొటోలు తీయాలి, ముందూ వెనకా. చేతిపనిని పట్టి ఇచ్చేది వెనక వైపే.

మూడోది గొంతు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ, తమిళం, ఒడియా, కన్నడం చదువుతారు. తెలుగు అక్షరం చాలామందికి రాదు. కేవలం రాత మీద ఆధారపడితే మన మ్యూజియం మన మనవళ్లకే అందదు. కాబట్టి ముందు మాట, తర్వాత రాత. ఏ ఊరి యాసను ఆ ఊరి యాసలోనే ఉంచుదాం, దిద్దవద్దు.

నాలుగోది క్లుప్తత. ఒక ఊరికి అయిదు మజిలీలు, ఒక్కోటి రెండు నిమిషాలు. పది నిమిషాల్లో అయిపోవాలి. ఖరీదైన కెమెరా లేకపోయినా ఫర్వాలేదు. కిటికీ వెలుతురు, మంచి ఫోన్ ఒకటి, ఫ్యాన్ ఆపేసి నిశ్శబ్దంగా చేసిన రికార్డింగ్ ఉంటే మొదలుపెట్టొచ్చు.

అయిదోది అన్నిటికంటే కష్టమైనది. చూపిస్తే కాపీ కొడతారు కదా అని మన పెద్దలు అడుగుతున్నారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, 1866 అనుభవం మన వెనకాలే ఉంది. చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించి కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, ఈనాడు 11 రకాలు ఆ జాబితాలో ఉన్నాయి. భౌగోళిక గుర్తింపులూ వచ్చాయి. అయినా పవర్‌లూమ్ నకలు చేనేత పేరుతో అమ్ముడవుతూనే ఉంది.

నా అభిప్రాయం ఇది. దాచిపెట్టినంత మాత్రాన నకలు ఆగలేదు. అసలుకూ నకలుకూ తేడా కొనేవాళ్లకు తెలియకపోవడం వల్లనే నకలు బతుకుతోంది. తేడా చెప్పడానికి చూపించాల్సిందే. అయితే ఏది చూపాలో, ఏది చూపకూడదో మనమే నిర్ణయించాలి. తరాలుగా అందరికీ తెలిసిన పాత నమూనాలు చూపిద్దాం. ఇంకా బజారుకు రాని కొత్త డిజైన్ల గ్రాఫులు, జాకార్డ్ అట్టలు, రంగుల పాళ్లు బయట పెట్టవద్దు. ఎవరి డిజైన్ వాళ్లు వద్దంటే వద్దు, అందులో వాదన లేదు. వాట్సన్ కత్తిరించేముందు మనల్ని అడగలేదు. మనం మనవాళ్లను అడిగే మొదలుపెడదాం.

చివరి మాట

నాయనమ్మ ఫోన్ పక్కన పెట్టి లేచిపోయిందని చెప్పాను కదా. ఆ తర్వాత దసరా సెలవుల్లో మా పిల్లవాడు ఆమెను కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేశాడు. అచ్చు అతకడం ఎట్లాగో, తెగిన పోగును వేళ్లతో ఎట్లా ముడేస్తారో, గంజిలో ఏం కలిపేవాళ్లో చెప్పించాడు. పదకొండు నిమిషాలు వచ్చింది. మిగతాది సంక్రాంతికి చేద్దామనుకున్నాం. సంక్రాంతికి ఆమె లేదు.

ఆ పదకొండు నిమిషాల్లో ఒక చోట మా పిల్లవాడు చీర పట్టుకుని, "ఇప్పుడు ముందు వైపు చూపించు నాయనమ్మా" అంటాడు. ఆమె నవ్వి చీరను వెనక్కి తిప్పి కెమెరాకు దగ్గరగా పట్టింది. "గిది చూడు, గిది నా చేయి" అంటుంది.

షోలాపూర్ గదిలో మొదటి మజిలీగా దాన్నే పెడుతున్నాం, కింద ఆమె పేరుతో. మీ ఇళ్లలో కూడా అటక మీద ఒక నాడె, పెట్టె అడుగున ఒక పెళ్లి చీర, అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ ఉంటారు. వచ్చే వార్షికోత్సవం దాకా ఆగకండి. ఈ ఆదివారమే ఫ్యాన్ ఆపి ఫోన్ ముందు పెట్టండి. మొదట పేరు అడగండి, తర్వాత గుడ్డను వెనక్కి తిప్పమనండి.